తిలతండులం - క్షీరనీరం

భాషాప్రవీణ చదివే రోజుల్లో అలంకారశాస్త్రంలో సంసృష్టికి, సంకరానికి భేదం చెప్పేటప్పుడు మా గురువుగారు రెండు న్యాయాలు చూపేవారు. నువ్వులూ బియ్యమూ కలిస్తే దేనికది కంటికి కనిపిస్తూనే ఉంటుంది; అది తిలతండుల న్యాయం. పాలూ నీళ్లూ కలిస్తే వేరు చేసి చూడలేము. అది క్షీరనీర న్యాయం. లోహశాస్త్రం చదివిన నా పూర్వ విద్యార్థి ఒకడు మొన్న తన పని వివరిస్తూంటే నాకు ఈ న్యాయాలే స్ఫురించాయి.

ఇనుము, రాగి సహజంగా పొసగవు. కరిగించినప్పుడు కలిసినా, చల్లారి ఘనీభవించగానే దాదాపు పూర్తిగా వేరుపడతాయి. అందువల్ల వాటి పొడులను ఉక్కు గుండ్లతో సహా పాత్రలో పోసి, గాలి సోకకుండా ఆర్గాన్ వాయువు నింపి, గంటల తరబడి తిప్పుతారు. 1966 ప్రాంతంలో జాన్ బెంజమిన్ నికెల్ మిశ్రమలోహాల కోసం రూపొందించిన పద్ధతి ఇది.

రోట్లో నూరితే పదార్థం మెత్తబడుతుంది. ఇక్కడ జరిగేది అంతమాత్రమే కాదు. గుండ్ల నడుమ చిక్కిన రేణువు చదునవుతుంది, పక్కదానితో అతుక్కుంటుంది, గట్టిపడి విరుగుతుంది, మళ్లీ అతుక్కుంటుంది. మడతకాజాలో వలె పొర మీద పొర ఏర్పడి, కొట్టగా కొట్టగా పొరలు పలచబడతాయి. లోపలి స్ఫటికాలు పది నానోమీటర్ల స్థాయికి చేరుతాయి. ఎక్స్-కిరణాలతో పరీక్షిస్తే నిటారైన సన్నని శిఖరాలు వెడల్పై కుంగుతాయి. ఇనుము పాలు బాగా హెచ్చుగా ఉంటే రాగి శిఖరాలు మాయమవుతాయి. రాగి పరమాణువులు ఇనుము అమరికలో చేరిపోయాయన్నమాట. రాగి హెచ్చైతే ఇనుమే తన అమరిక విడిచి రాగి అమరికలో ఒదుగుతుంది.

తిలతండులం క్షీరనీరమైంది! అయితే ఈ పొత్తు బలవంతపుది. కొన్ని వందల డిగ్రీలకు వేడి చేస్తే ఇనుము, రాగి మళ్లీ వేరు స్ఫటికాలుగా విడిపోతాయి. పాలనూ నీళ్లనూ వేరుచేసే హంస ఇక్కడ అగ్నియే.

నా బాధ ఒక్కటే. గుండ్లు తిరగక ముందరి పొడినీ మిశ్రమమే అంటున్నాము, పరమాణువులు కలిసిన లోహాన్నీ మిశ్రమలోహమే అంటున్నాము. ఒకే మాటతో రెండు స్థితులను చెబితే పిల్లవానికి అసలు మార్పే కనబడదు. మొదటిదానికి సంసృష్టి, రెండవదానికి సంకరం అనరాదా? సంకరలోహం అన్న మాట చెవికి ఇంపుగానే ఉన్నది. లోహశాస్త్రం తెలిసిన మిత్రులు తమ అభిప్రాయం చెప్పగలరు.