బనగానపల్లెలో బసవన్నబొమ్మ

నంద్యాలనుండి యెఱ్ఱగుంట్లకు బోవు రైలుమార్గము 2016వ సంవత్సరమున నడకకు వచ్చినది మొదలు బనగానపల్లె ప్రయాణము సులభమైనది. ఊరు సమీపించుకొలది నాపరాతి గనులును, ఒకదానికొకటి చేరవేసిన బండల వరుసలును కిటికీలోనుండి కనబడును. ఈ యూరిపేరు వినగనే మనకందఱకును మామిడిపండు జ్ఞప్తికి వచ్చును. ఆ పండునకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. 1948లో మద్రాసు రాష్ట్రమున గలియువఱకు నిది నవాబులు పాలించిన సంస్థానము. వారి బంగళా నేటికిని నిలిచియున్నది. 2009లో వచ్చిన అరుంధతి చలనచిత్రమును జూచినవారు దానిని అరుంధతికోట యనియే పిలుచుచున్నారు. నేను వ్రాయబూనినది పండును గూర్చి కాదు, కోటను గూర్చియు గాదు. ఈ వేసవిలో మా యన్నగారి యింట నుండిన పదిదినములలో మా మేనకోడలు యాగంటి బసవన్నను కంప్యూటరులో బొమ్మగా గట్టిన విధమును సోదరీమణులకు దెలుపగోరుచున్నాను.

యాగంటి బనగానపల్లెకు సమీపముననే, ఎఱ్ఱమలకొండల నడుమ నున్న క్షేత్రము. ఉమామహేశ్వరు లిరువురును నచ్చట నొకే శిలయందు వెలసియున్నారు. కోనేటిలోనికి నందిముఖమునుండి కొండనీరు ధారగా పడుచుండును. మండువేసవిలో నా నీటిలో పాదములుంచిన దేహమంతయు చల్లబడును. కొండచరియలలో గుహలు గలవు. అందొకటి వీరబ్రహ్మేంద్రస్వామి పేరిటిది. అగస్త్యుని శాపముచే నిచ్చటికి కాకులు రావని స్థలపురాణము. అన్నిటికంటె ప్రసిద్ధుడు బసవన్న. ఆయన యేటేట పెరుగుచున్నాడనియు, పూర్వము చుట్టును ప్రదక్షిణము చేయుటకు చోటుండెడి దనియు పెద్దలు చెప్పుదురు. ఇరువదేండ్లకొక యంగుళము చొప్పున నని జనులలో వాడుక. కలియుగాంతమున లేచి ఱంకెవేయునని కాలజ్ఞానమున జెప్పబడినదని మా వదినెగారు ప్రతి సందర్శనమునందును పిల్లలకు జ్ఞాపకము చేయుదురు.

మా మేనకోడలు పదవతరగతి ముగించినది. పాలిటెక్నిక్ ప్రవేశపరీక్షయు వ్రాసినది. దానిని నంద్యాలలో జేర్చి కంప్యూటరు డిప్లొమా చదివింపవలెనని మా వదినెగారి కోరిక. ఊరిలోనే యింటర్మీడియటు చదివిన జాలునని మా యన్నగారి మతము. ఆయన నాపరాళ్ళకు నునుపుపెట్టు కార్ఖానా నడపుచున్నారు. కూతుపై ప్రేమ లేనివారు కారు; “గీత తిన్నగా గీయరానిది ఆ యంత్రము పట్టి యేమి చేయును?” అని వారి శంక. పిల్లయు నట్లే నమ్మియుండెను. తాను చదివిన బడిలో యంత్రములు తక్కువగుటచే మగపిల్లలు మీటలముందు గూర్చుండుటయు, ఆడుపిల్లలు వెనుక నిలిచి చూచుటయు నలవాటైనదట. చూచి నేర్చుకొన్న వంట యెంతటిదో మనము ఎఱుగనిది కాదు.

అన్నగారు లెక్కలకొఱకు గొనిన పాత ల్యాప్‌టాప్ ఇంట నుండెను. అందులో స్క్రాచ్ అను సాధనమును దింపితిమి. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థవారు దీనిని పిల్లలకొఱకు గల్పించి 2007లో లోకమునకు విడిచిరి. దీనికి వెల లేదు. ఒకసారి దింపుకొన్న పిదప ఇంటర్నెట్టు లేకున్నను నడచును. మా వారు తమ బడిపిల్లలకు నేర్పుటకై దీనిని సాధన చేయునప్పుడు నేనును ప్రక్కన గూర్చుండి నేర్చితిని. తెఱపై రంగస్థల మొకటి యుండును. దాని వెడల్పు 480 పాళ్ళు, ఎత్తు 360 పాళ్ళు, నట్టనడుమ సున్న. అందాడు బొమ్మలను పాత్రలనవచ్చును. ఒక్కొక్క పాత్రకు పెక్కు వేషములు వేయవచ్చును. బొమ్మ వేయుచోట వృత్తమునకును, దీర్ఘచతురస్రమునకును, గీతకును వేర్వేఱు సాధనములు గలవు. త్రిభుజమునకు మాత్రము లేదు. చతురస్రమును వేసి, ఒక మూలనున్న బిందువును తొలగించిన త్రిభుజమగును.

మొదటిదినమున పిల్ల మౌసుతో కుంచె నడిపి బసవన్నను వేయబోయెను. గీత వణకి బసవన్న తడిసిన పిల్లివలె నయ్యెను. తుడిచివేసి యంత్రమును మూయబోవుచుండగా నేను వారించి, “వాకిట ముగ్గెట్లు వేయుదువు?” అని యడిగితిని. “చుక్కలు పెట్టి వేస్తానత్తా” అనెను. “ఇచ్చటను ముందుగా నంతే చేయుము, రూపము దానంతట నదియే వచ్చును” అంటిని.

మఱునాటి యుదయమున యాగంటికి బోయి, బసవన్నకు ప్రక్కగా గూర్చుండి, చూచినదానిని ముక్కలుగా విడదీసి కాగితముపై వ్రాసికొంటిమి. మొండెము కోడిగ్రుడ్డువలె కోలనైన వృత్తము. మూపురము చిన్నవృత్తము, సగము మొండెములో మునిగియుండును. మొగము మూతివైపు సన్నగిలిన చతురస్రము. చెవులు రెండును తమలపాకులవలె కోలవృత్తములు. మడిచిన కాళ్ళు మూలలు గుండ్రనైన చతురస్రములు. పీఠము నిడుపాటి చతురస్రము. పదిపన్నెండు ముక్కలతో నంతటి విగ్రహమును ముగియుట చూచి పిల్ల తానే యాశ్చర్యపడెను.

ఇంటికి వచ్చి కూర్చుటలో అసలు పని తెలిసినది. వెనుకనుండవలసిన ముక్క ముందు వేయవలెను. మఱచినచో దానిని పట్టి వెనుకకు త్రోయు మీట గలదు. దూరపు కాలును మొండెము వెనుకకు, దగ్గఱికాలును ముందునకు జేర్పగానే బొమ్మకు బరువు వచ్చెను. షిఫ్టుమీట నొక్కిపట్టి లాగినగాని వృత్తము నిండుగా రాదు. మెడలోని గంట నొక్కదానినే చేసి, దానికి నకళ్ళు తీసి వరుసగా గూర్చితిమి. కొమ్ములకడ కొంత చిక్కు వచ్చినది. తెల్లని వృత్తముపై నేపథ్యపు రంగుగల మఱియొక వృత్తము నుంచగా చంద్రవంక యేర్పడి కొమ్మువలెనే తోచెను. కాని వెనుక గుడి చిత్రము పెట్టగానే, కప్పుటకు వేసిన వృత్తము నీలపు మచ్చయై బయటపడెను. అప్పుడు దానిని తీసివేసి, త్రిభుజము చేసి, దాని భుజమును మెల్లగా వంచితిమి.

ముగ్గునకును ఈ విద్యకును చుట్టరికము నా కల్పన కాదు. మన ముగ్గును తమిళులు కోలమందురు. మద్రాసునందలి పండితులు గిఫ్ట్ సిరోమణి, రాణీ సిరోమణి, కమలా కృతివాసన్ అను మువ్వురు 1974లో కోలముల నియమములను గణితశాస్త్రరీతిని విమర్శించి, చిన్న ముక్కలనుండి పెద్ద ముగ్గు నే క్రమమున బెంచవచ్చునో, అట్టి నియమములను గంప్యూటరున కెట్లు చెప్పవచ్చునో చూపుచు వ్యాసము ప్రకటించిరి. వారిలో నిరువురు స్త్రీలు. ఇంకను వెనుకకు బోయినచో ఆపస్తంబ శుల్బసూత్రము కలదు. యజ్ఞమునకై డేగ యాకారమున వేదిక గట్టుటకు అందు విధానము చెప్పబడినది. వరుసకు 200 చొప్పున ఐదువరుసలకు వేయి యిటుకలు. ఆ యిటుకలు చతురస్రములు, త్రిభుజములు మొదలగు నాకారములవి. రెక్క విచ్చిన పక్షి వానితోనే యేర్పడవలెను. మా నాయనగారు దీనిని జెప్పునపుడు నాకు బాల్యమున విసుగు పుట్టెడిది. బసవన్న చెవులను జేర్చునపుడు అదియంతయు కన్నులకు గట్టినది.

సాయంకాలము మా యన్నగారు వచ్చి తెఱవంక జూచి, “తల పెద్దదైనది” అనిరి. అంతకుమించి యేమియు ననక, బొటనవ్రేలు తెఱకానించి తలయెంతయో, మొండెమందెన్ని తలలు పట్టునో కొలిచిరి. రాతితో బ్రదుకువారికి కొలత కంటిలోనే యుండును. ఆళ్లగడ్డ శిల్పులతో వారికి పరిచయము గలదు. ఆ శిల్పులు ఉలి పట్టకముందే శిలపై గీతలు గీసి గళ్ళు కట్టుకొందురని వారే మాకు వివరించిరి. శిల్పశాస్త్రమున దేవతామూర్తుల కీ కొలతకు తాళమని పేరు; ముఖము పొడవొక తాళము, అది 12 అంగుళములు; నవతాళమూర్తి మొత్తము 108 అంగుళములు. ఆ కొలత మనుష్యాకారమునకు చెప్పినదే గాని నందికి గాదు. అయినను ముఖమునుబట్టి తక్కినదానిని గొలుచుపద్ధతి మాకును పనికివచ్చెను. తలను నాలుగవవంతు తగ్గింపగా బసవన్న బసవన్నయయ్యెను.

పిదప పిల్లకు బసవన్న తల యూపవలెనని కోరిక పుట్టెను. త్రిప్పగా బొమ్మయంతయు బొంగరమువలె దిరిగెను. తలను వేఱొక పాత్రగా జేసినగాని యది తాను కదలదు. వేఱుచేసిన తరువాత తల తన నడుమనే గిఱ్ఱున దిరిగెను, మెడనుండి యూగలేదు. ప్రతి వేషమునకును నొక కేంద్రబిందువు గలదు, బొమ్మ దానిచుట్టునే దిరుగును. తలను జరిపి ఆ బిందువు మెడకీలున బడునట్లు చేయగా తల నెమ్మదిగా నాడెను. తోలుబొమ్మలలోను నింతే. ధర్మవరము ప్రాంతమున నిమ్మలకుంట గ్రామమున నీ కళ నేటికిని నిలిచియున్నది. ఆ గ్రామమునకు జెందిన దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ పురస్కారము లభించినది. తోలుబొమ్మకు భుజము, మోచేయి వేర్వేఱు ముక్కలు. దారము ముడివేసిన చోటనే యవి మడియును. ముడి తప్పినచో హనుమంతుని చేయి నడుమునుండి మొలచినట్లగును.

కడపట పెరుగుట. పరిమాణమును 1 పాలు పెంచుమనియు, దానిని పలుమాఱులు చేయుమనియు రంగుదిమ్మలను గూర్చిన జాలును. తొలుత బసవన్న పెరుగుచు పీఠముతోసహా నేలలోనికి దిగిపోయెను, కేంద్రము పొట్టలో నుండుటచేత. కేంద్రము పీఠపు టడుగున కుంచగా నేలపై నిలిచి పైకి బెరిగెను. రెప్పపాటులో తెఱ నిండిపోయెను. “ఇరువదేండ్లకు అంగుళమమ్మా! నీ బసవన్న గుమ్మడికాయవలె పెరుగుచున్నాడు” అని మా యన్నగారు నవ్విరి. అది వెంటనే నడుమ ఆగుమను దిమ్మను జేర్చి, “ఎంతసేపు ఆగాలో నువ్వు చెప్పు నాన్నా” అనెను. ఆయన కుర్చీ దగ్గఱకు లాగికొనిరి.

నేను బయలుదేఱు నాటికి పిల్ల నవాబుల బంగళాను కట్టుచుండెను. తలుపుల కమానులకు వృత్తమును సగము చతురస్రము వెనుక దాచిన జాలునని తానే కనిపెట్టినది. మామిడిపండు మాత్ర మింకను కుదురలేదు. కోలవృత్తమున కొకవైపు వంపు పెట్టుటలో ముక్కు మొనతేలి చిలుకవలె నగుచున్నది. సీట్ల యెంపికకు నంద్యాల పంపుదునని మా యన్నగా రింకను మాట యియ్యలేదు. వద్దనియు ననలేదు. మా వదినెగారికి రెండుదినముల కొకసారి ఫోను చేసి యడుగుచున్నాను.