ముప్పై గ్రాముల రోగి

తిరుపతిలో పశువైద్యం చదివి, ఉద్యోగమంతా ప్రకాశం జిల్లా గేదెల మధ్య గడిపినవాణ్ని. రెడింగ్‌లో అమ్మాయి వాళ్లింట్లో ఉండగా మనవరాలు వచ్చి, "తాతయ్యా, చుక్కి తుమ్ముతోంది, చూడవా?" అంది. చుక్కి ఆమె తెల్ల చిట్టెలుక. ఇంగ్లండులో పేరు నమోదు కాని నాబోటివాళ్లు వైద్యం చేయడానికి 1966 నాటి చట్టం ఒప్పుకోదు. అల్లుడు కారు తీశాడు.

క్లినిక్‌లో పిల్లుల వాసన తగలకుండా ఎలుకలకీ కుందేళ్లకీ వేరే గది. డాక్టరమ్మ చుక్కిని వెంటనే పట్టుకోలేదు. డబ్బాలో ఉండగానే డొక్క ఎగరడం చూసింది. ఆ తర్వాత తోక మొదట్లో పట్టుకుని అరచేతిలోకి తీసుకుంది. కొస పట్టి లాగితే తోక చర్మం ఊడొస్తుందట. బరువు 31 గ్రాములు. గుండె నిమిషానికి 500 సార్లకు పైగా కొట్టుకుంటుంది, చెవితో లెక్కపెట్టే పని కాదు.

కంటి చుట్టూ ఎర్రటి మరక చూసి మనవరాలు రక్తమనుకుంది. కాదు, కంటి వెనక గ్రంథి నుంచి ఊరే రంగు. జబ్బు చేసినా బెదిరినా అలా కారుతుంది. అసలు రోగం మైకోప్లాస్మా. ఊపిరితిత్తుల్లో ఒకసారి చేరితే పూర్తిగా పోదు, మందులతో అణచి ఉంచడమే. పాప ఫోనులో పంజరం ఫొటో చూసి డాక్టరమ్మ మొహం చిట్లించింది: అడుగున పైన్ చెక్క తురుము. దాని ఘాటు, మూత్రం నుంచి లేచే అమ్మోనియా కలిసి శ్వాసనాళాన్ని దెబ్బతీస్తాయి. కాగితపు ముక్కలు వేయమంది.

నాకు ముచ్చటేసింది మందు లెక్క దగ్గర. ఎన్రోఫ్లాక్ససిన్ నాకు పాత చుట్టమే, 400 కిలోల గేదెకి పది శాతం మందు 20 మిల్లీలీటర్లు ఎక్కించేవాణ్ని. ఇక్కడ రెండున్నర శాతం మందునే పదింతలు పలచన చేసి, పూటకి 0.12 మిల్లీలీటరు. ఈ లెక్కల్లో చాలావరకు ప్రయోగశాలల నుంచి వచ్చినవే. మనుషుల మందుల కోసం చచ్చిన ఎలుకలు నేర్పిన వైద్యమే ఇప్పుడు చుక్కికి పనికొస్తోంది. తార్నాకలోని పోషకాహార సంస్థలో అలాంటి ఎలుకల్ని ఒకప్పుడు చూశాను. వాటికి పేర్లుండవు.

పక్క బల్లమీద ఇంకో ఎలుక, పక్కటెముకల మీద గడ్డ. అది రొమ్ముగడ్డేనట, ఎలుకకి ఆ కణజాలం మెడదాకా పాకి ఉంటుంది. చిట్టెలుకల్లో అవి ఎక్కువగా క్యాన్సరే. మత్తివ్వబోయే ముందు కూడా దానికి తిండి ఆపలేదు! ఎలుక వాంతి చేసుకోలేదు, పస్తుంచితే చక్కెర పడిపోతుంది. కింద వేడి పరుపు మాత్రం తప్పనిసరి.

రెండేళ్లు బతికే ప్రాణికి ఇంత వైద్యమా అని మా ఊరి రైతు అడుగుతాడు. గేదె దగ్గర పాడి లెక్క ఉంటుంది, ఇక్కడ పిల్ల ఏడుపొక్కటే లెక్క. అయినా ఎలుకల్ని పెంచి పోటీలకు పెట్టడానికి 1895లోనే క్లబ్బు కట్టిన దేశమిది.

"దీనికి జోడీ ఉందా?" అని అడిగింది డాక్టరమ్మ చివర్లో. ఇంట్లో ఉందంది పాప. తుమ్మకపోయినా అదీ అంటించుకునే ఉంటుంది, రేపు తీసుకురమ్మంది. ఫీజు కట్టే కిటికీ దగ్గర అల్లుడు రెండుతో గుణించుకోవడం నాకు వినపడింది.