బెణికిన కాలు

ఆ వానాకాలం బడికి కొండ దిగుతుంటే పాదం లోపలికి మడతపడింది. చీలమండ బయటివైపు కోడిగుడ్డంత వాపు. "ఏం కాదురా, బెణికింది" అని మా పెద్దమ్మ గట్టిగా లాగింది. రెండో రోజే మళ్లీ నడిచాను.

ఎముకను ఎముకకు కట్టి ఉంచే పట్టీ సంధిబంధనం. కండరాన్ని ఎముకకు కలిపేది వేరు. శిక్షణలో ఈ రెండూ నేను కలిపేసేవాణ్ణి. చీలమండ బయటివైపు ఇవి మూడు. పాదం లోపలికి తిరిగితే మొదట తెగేది ముందువైపుది. లోపలి పక్కది వెడల్పు, గట్టిది. అంత తేలిగ్గా తెగదు.

మానకముందే నడిచిన ఫలితం, ఇప్పటికీ దిగుడులో ఆ కాలు తూలుతుంది.

మొన్న ఖోఖోలో ఏడో తరగతి పిల్ల పడింది. లాగబోయిన పిల్లల్ని ఆపాను. విరిగిందేమో ఎవరికి తెలుసు? తడిగుడ్డ కట్టి, కాలు ఎత్తులో పెట్టించాను. నాలుగడుగులు కూడా వేయలేకపోయింది. ఎక్స్‌రేకి మోసుకెళ్లాం.