పన్నెండు అక్షరాల పేరు

2020 జూన్. తెనాలిలో బళ్లు ఇంకా తెరవలేదు. మా అమ్మాయి పాఠాలన్నీ నా ఫోన్లోనే. ఒక రాత్రి ఆ ఫోను ఆండ్రాయిడ్ 10కి మారతానంటే సరేనని నొక్కి పడుకున్నాను. తెల్లారేసరికి కొత్త ముస్తాబుతో లేచింది గానీ, వైఫై వస్తూ పోతూ ఉంది. లెక్కల టీచరు సమీకరణం మధ్యలో నోరు తెరిచినట్టే బిగుసుకుపోయారు.

"నాన్నా, మళ్లీ పోయింది!"

రౌటర్ ఒకసారి ఆపి వేసి ఊరుకుంటే సరిపోయేదేమో. నేను ఊరుకుంటానా? సెట్టింగుల్లోకి దూరి 'రీసెట్ నెట్‌వర్క్' నొక్కాను. దాచుకున్న వైఫైలు, బ్లూటూత్ జతలు అన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. క్యాలెండరు వెనక రాసుకున్న పాస్‌వర్డ్ చూసి మళ్లీ కొట్టాను. 'కనెక్టింగ్' అని కాసేపు తిప్పి, 'సేవ్‌డ్' అని చల్లగా చెప్పి ఊరుకుంది. అప్పటిదాకా వచ్చి పోయేది, ఇక అసలు రావడమే మానేసింది.

మా ఆవిడ ఫోనుకు అదే వైఫై భేషుగ్గా వస్తోంది. రౌటర్ తప్పు లేదన్నమాట. ఆవిడ ఫోన్లో హాట్‌స్పాట్ పెడితే నా ఫోను ఠక్కున తగులుకుంది. దీని తప్పూ లేదు. 5 గిగాహెర్ట్‌జ్ సిగ్నల్ గోడలు సరిగ్గా దాటదని విని రౌటర్ పక్కనే పీట వేసుకుని కూర్చున్నాను. ఊహూఁ. పిల్లాడూ బాగున్నాడు, పిల్లా బాగుంది, ముహూర్తమే కుదరడం లేదు.

మూడు రోజులు అమ్మాయి మాస్కు పెట్టుకుని పక్కింటి అరుగు మీద కూర్చుని వాళ్ల వైఫైతో పాఠాలు విన్నది. పక్కింటి పిన్నిగారు పాస్‌వర్డ్ చెప్పడమే కాదు, మధ్యలో మజ్జిగ కూడా ఇచ్చేవారట.

నాలుగో రోజు కేబుల్ అబ్బాయి ఫోనెత్తాడు. అంతా విని ఒకటే అడిగాడు.

"సార్, పోయినేడాది పక్కింటి పిల్లలు నెట్టు లాగేస్తున్నారని మ్యాక్ ఫిల్టర్ పెట్టించుకున్నారు, గుర్తుందా?"

లేదు. అప్పటికి పక్కింట్లో నెట్టు లేదు. మా ఇంటి ఫోన్ల మ్యాక్ నంబర్లు రౌటర్లో ఎక్కించి, మిగతా ఎవరు వచ్చినా తలుపు తీయొద్దని చెప్పించింది నేనే. పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా సరే.

"వైఫై వివరాల్లో మ్యాక్ అడ్రస్ అని ఉంటుంది, చదవండి."

పన్నెండు అక్షరాలు, రెండేసి చొప్పున. 'డీ, ఏ...' అనగానే ఆపేశాడు.

"రెండోది ఏ కదా? అక్కడ 2, 6, ఏ, ఈ వీటిలో ఏదున్నా అది ఫ్యాక్టరీలో పెట్టిన నంబరు కాదు సార్. ఫోను పుట్టించుకున్న దొంగపేరు."

దొంగపేరు మన మంచికేనట. మాల్స్‌లో, స్టేషన్లలో అసలు నంబరు పట్టుకుని మనం ఎక్కడెక్కడ తిరిగామో ఆరా తీయకుండా, ఆండ్రాయిడ్ 10 నుంచి కొత్తగా చేర్చే ఒక్కో వైఫైకి ఒక్కో పేరు చెబుతుంది ఫోను. పాత వైఫైని నేను చెరపకుండా ఉంటే పాత పేరుతోనే నడిచేది. చెరిపి మళ్లీ చేర్చేసరికి నా ఇంటి గుమ్మంలో నా ఫోనే పరాయిదైపోయింది.

అతను చెప్పినట్టే ఆ వైఫై వివరాల్లో ప్రైవసీ అన్నచోట 'డివైస్ మ్యాక్' ఎంచుకున్నాను. గుర్తు నిండుగా వెలిగింది. మూడు రోజుల తంటా, అర నిమిషం పని.

వారం తిరక్కుండానే గాలివానకు పక్కింటి కేబుల్ తెగింది. సాయంత్రం వాళ్ల కుర్రాడు ఫోను పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "మావయ్యగారూ, పాస్‌వర్డ్ కరెక్టే, అయినా తగలట్లేదండీ."

ఫోను తీసుకుని రెండో అక్షరం చూశాను. ఈ. లోపలికి రమ్మని, కుర్చీ చూపించి, రౌటర్ పేజీ తెరిచాను.