ఒకే దారిన పోయే నాలుగు బండ్లు

1932 జూన్ మాసములో నిజాము రాష్ట్ర రైల్వే తన రోడ్డు రవాణా శాఖను 27 బస్సులతోను, 166 మంది సిబ్బందితోను ప్రారంభించినది. ఆ బస్సుల నంబరు పలకల మీద కనిపించే ‘జెడ్’ అనే అక్షరము ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ తల్లి జహరా బేగం పేరుకు గుర్తు అని మన పెద్దలు ఈనాటికీ చెప్పుకొంటారు. వినుటకు ఇంపైన ముచ్చటే. అయితే మమ్ములను అంతకన్న ఆకర్షించిన సంగతి మరొకటి ఉన్నది. నాడు రైలు నడిపిన సంస్థయే బస్సును కూడ నడిపినది. స్టేషనులో దిగిన ప్రయాణికుని బస్సు ఎక్కించే పూచీ కూడ ఆ యజమానిదే అయినది.

తరువాత ఆ రెండు దారులు చీలినవి. రైలు కేంద్ర ప్రభుత్వము చేతిలోనికి పోయినది. బస్సులు 1951 నవంబరు 1 నుండి హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వపు శాఖగా నడిచి, 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థగా రూపొందినవి. నగర ప్రయాణికుల కొరకు రైల్వే వారు, రాష్ట్ర ప్రభుత్వము వారు మరల చేయి కలిపి ఎంఎంటీఎస్ రైళ్ళను నడుపుటకు 2003 ఆగస్టు వరకు వేచియుండవలసి వచ్చినది. విడిపోవుటకు ఒక ఉత్తరువు చాలును. కలియుటకు అర్ధ శతాబ్దము పట్టినది.

ఈ చరిత్రను మేము పరీక్ష కొరకు చదువలేదు. మా దారిలో జరుగుతున్న ఒక వ్యవహారము మమ్ములను ఇందులోనికి లాగినది.

మేము నలుగురము నగరము వెలుపలి నుండి ఒకే రహదారి మీద కళాశాలకు వస్తాము. ఆ దారిన ఉదయము పూట ప్రభుత్వ ధనముతోనో, ప్రభుత్వ అనుమతితోనో తిరిగే బండ్లు కనీసము నాలుగు రకములు. మొదటిది పల్లెవెలుగు బస్సు. అందులో కాలు మోపుటకు చోటుండదు. రెండవది పిల్లలను తీసుకొనిపోయే బడి బండి. అది పిల్లలను దింపిన తరువాత మధ్యాహ్నము వరకు చెట్టు నీడన నిలబడి ఉంటుంది. మూడవది ప్రసవించిన తల్లిని, బిడ్డను ఇల్లు చేర్చే 102 వాహనము. తల్లిని దింపి వచ్చేటప్పుడు అందులో డ్రైవరు తప్ప మరొకరు ఉండరు. నాలుగవది ఏదో ఒక శాఖ కార్యాలయపు జీపు. దానిని గురించి ఎక్కువ చెప్పనవసరము లేదు. ఈ నాలుగింటికి నాలుగు శాఖలు, నాలుగు పద్దులు, నాలుగు డీజిలు లెక్కలు. ఒకరి బండి ఎప్పుడు బయలుదేరునో మరొకరికి తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు.

ఇదే దారిన వారమునకు మూడు రోజులు ఒక స్త్రీ డయాలసిస్ కొరకు ఆసుపత్రికి పోవలసి ఉన్నది. ఆమె మాలో ఒకరికి తల్లి, మిగిలిన మాకు ఖాలాజాన్. ఆమెది ఉదయపు షిఫ్టు. యంత్రము మీద నాలుగు గంటలు పడుకోవలెను. లేచిన తరువాత కొందరికి కళ్ళు తిరుగును, కాళ్ళు తేలిపోవును, రక్తపు పోటు పడిపోవును. అటువంటి మనిషిని నిలబడి ప్రయాణము చేయుమని చెప్పుట న్యాయము కాదు. అందువలన కూతురు తోడు పోవలెను. షేరు ఆటోలో ఒకసారి, ఏ పరిచయస్థుని మోటారు సైకిలు మీదనో మరొకసారి. ఆ మూడు రోజులు కళాశాల హాజరు పట్టీలో ఆమె పేరు ఎదుట గైరుహాజరు పడుతుంది. వారమునకు ఆరు రోజుల కళాశాలలో మూడు రోజులు పోతే మిగిలేది సగము. పరీక్షకు కూర్చొనుటకు కావలసిన 75 శాతము హాజరును ఆమె ఏ గణితముతో తెచ్చుకొనవలెను?

ఇందులో ఎవరినీ దూషించుటకు మేము పూనుకొనలేదు. నిజమునకు ప్రతి శాఖ తన వంతు మేలు చేసినదనే చెప్పవలెను. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకము వలన డయాలసిస్ పేదవారికి అందుబాటులోనికి వచ్చినది. అంతకు పూర్వము ఈ వ్యాధి పేదల ఇంట ఎట్లు ముగిసేదో మా వీధిలోని వృద్ధులను అడిగిన తెలియును. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 సేవ ఎన్ని ప్రాణములు నిలిపినదో అందరికీ విదితమే. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణలోని పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలోను, నగరపు ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులలోను స్త్రీలకు జీరో టికెట్టు వచ్చినది. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశములోను స్త్రీశక్తి పేరిట అటువంటి పథకమే ప్రారంభమైనది. మా తరగతిలో అంతకు ముందు బస్సు పాసు డబ్బు కొరకు ఇంట మాట పడిన ఆడపిల్లలు ఇప్పుడు తల ఎత్తుకొని బస్సు ఎక్కుతున్నారు. ఇది చిన్న మార్పు కాదు.

కాని టికెట్టు ఉచితమగుట వేరు, కావలసిన గంటకు బస్సు ఉండుట వేరు. ఆసుపత్రి వారు తమ యంత్రములను బట్టి షిఫ్టు నిర్ణయిస్తారు. బస్సుల వారు రద్దీని బట్టి వేళ నిర్ణయిస్తారు. కళాశాల తన గంటను తాను కొడుతుంది. ఈ ముగ్గురి గడియారములు సరిగానే ఉన్నవి. మూడింటిని పక్క పక్కన పెట్టి చూచే మనిషి మాత్రము లేడు.

ఆ మనిషి ఎక్కడైనా ఉన్నాడేమోనని మేము బయలుదేరినాము. మొదటి కార్యాలయములో మా మాట ఓపికగా విని, రోగుల ప్రయాణము తమ పరిధిలోనిది కాదన్నారు. రెండవ చోట, తమ వాహనము తల్లీబిడ్డలకు మాత్రమే ఉద్దేశింపబడినదనీ, వేరొకరిని ఎక్కించుకొనిన ఆడిటులో సమాధానము చెప్పుకొనవలసి వచ్చుననీ అన్నారు. అదియు అబద్ధము కాదు. మూడవ చోట ఒక గుమాస్తా గారు మాకు టీ ఇప్పించి, “బాబూ, మీరు అడిగేది మంచిదే. కాని దీనికి ఫైలు ఏ సీటులో తెరవాలి?” అని అడిగినారు. మేము చదివిన పాలనాశాస్త్ర పాఠములన్నింటికంటె ఆ ప్రశ్న మాకు ఎక్కువ నేర్పినది.

ఈ చిక్కు మనకొక్కరికే వచ్చినది కాదు. అమెరికాలో ప్రజలను వైద్యమునకు, ఉద్యోగమునకు, వృద్ధుల కేంద్రములకు చేర్చుటకై ధనమిచ్చే కేంద్ర ప్రభుత్వ పథకములు 62 ఉన్నవని 2003లో ఆ దేశపు తనిఖీ సంస్థ లెక్కతేల్చినది. ఒకే వీధికి వేర్వేరు శాఖల వ్యానులు వచ్చి, ఒక్కొక్కటి ఒక్కొక్కరిని ఎక్కించుకొని పోవుట అక్కడనూ ఉన్నదన్నమాట! మరుసటి సంవత్సరము, 2004లో, ఆ దేశాధ్యక్షుని ఉత్తరువు మీద ఈ శాఖలన్నింటిని ఒక మండలిగా కూర్చోబెట్టినారు. అంతకు చాల ముందే, 1979లో, ఫ్లోరిడా రాష్ట్రము ఇందుకై శాసనము చేసినది. 1989లో ఒక కమిషనును స్థాపించినది. వయస్సు వలన, వైకల్యము వలన, పేదరికము వలన స్వయముగా ప్రయాణము చేయలేని వారి కొరకు అక్కడ ప్రతి కౌంటీకి ఒక సమన్వయకర్త బాధ్యుడు. బండి ఏ శాఖదైనను, సవారీని కుదిర్చే పని అతనిది. ఖర్చు ఏ శాఖ పద్దులో పడవలెనో చూచుకొనేది కూడ అతడే. మాకు నచ్చినది ఈ చివరి అంశము. వ్యానులు కొనుటలో విశేషమేమున్నది? లెక్కలు పంచుకొనుట నేర్చినారు, అది విశేషము.

మన రాష్ట్రములోను ఈ ఆలోచన లేకపోలేదు. 2006 నాటి జాతీయ నగర రవాణా విధానము పెద్ద నగరములకు ఒక సమైక్య రవాణా సంస్థ ఉండవలెనని సూచింపగా, 2008లో హైదరాబాదుకు అటువంటి సంస్థ కొరకు శాసనమే చేసినారు. మహాత్మా గాంధీ బస్ స్టేషనులో దిగి, పక్కనే మెట్రో రైలు ఎక్కగలుగుట 2017 తరువాత మనము చూచిన మంచి ఉదాహరణ. ఇంకను వెనుకకు పోయిన, 1970ల చివర ఏర్పడిన సెట్విన్ సంస్థ ఉన్నది. నిరుద్యోగ యువకులకు ఉపాధి, పెద్ద బస్సు దూరలేని పాతనగరపు గల్లీలకు మినీ బస్సు, రెండును ఒకే ఏర్పాటుతో సమకూడినవి. మా తండ్రుల తరము వారు ఆ చిన్న బస్సుల కండక్టర్ల కేకలను అనుకరించి ఇప్పటికీ నవ్వుకొంటారు. పెద్ద పెద్ద నివేదికలకన్న ఆ మినీ బస్సులోనే సమన్వయము అనే మాటకు అర్థము ఎక్కువ ఉన్నదని మా అభిప్రాయము.

అయితే ఇవన్నియు ఎక్కువగా ఆరోగ్యవంతుల ప్రయాణమును దృష్టిలో పెట్టుకొని చేసినవి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, వాహనములు వారికి అనువుగా ఉండవలెనని స్పష్టముగా చెప్పినది. కాని ఇంటి గుమ్మము నుండి బస్టాండు వరకు గల కిలోమీటరు మాట ఎవరు చూచుకొందురు? బస్సులో రాయితీ పొందుటకు వైకల్య ధ్రువపత్రము కావలెను. ఆ పత్రము కొరకు వైద్యుల శిబిరమునకు పోవలెను. ఆ శిబిరమునకు పోవుటకు ఎవరో ఒకరు మోసుకొనిపోవలెను. రాయితీ అక్కరలేని ప్రయాణము చేయగలిగిన వాడే రాయితీ పత్రము తెచ్చుకొనగలడు. దీనిని చూచి నవ్వవలెనో ఏడ్వవలెనో తెలియదు.

మా ఆలోచనకు అభ్యంతరములు లేకపోలేదు. 108 వాహనమును ఎవరికీ పంచుటకు వీలులేదు. అది ఎప్పుడూ సిద్ధముగా నిలబడి ఉండుటయే దాని పని, ఖాళీగా ఉన్నదని దానిని నిందించువాడు అవివేకి. పిల్లలు ఉన్న బండిలో రోగిని కూర్చోబెట్టుట కూడ తగదు. బాలింతను, పసిబిడ్డను మరొక రోగితో కలిపి తీసుకొనిపోవుట అంతకన్న తగదు. కాని చెట్టు నీడన నిలిచిన ఖాళీ బండికి, తిరుగు ప్రయాణములోని బండికి ఈ అభ్యంతరములు వర్తింపవు.

అందుచేత కళాశాల పాలక సంఘము వారికి మేము ఒక విన్నపము వ్రాసి ఇచ్చినాము. అందులో కొత్త బండి అడుగలేదు. మా దారిలోని విద్యార్థుల రాకపోకల వేళలు, ఆ దారిన ఆసుపత్రికి పోయే వారి షిఫ్టు వేళలు, ఇప్పుడున్న బస్సుల వేళలు ఒకే కాగితము మీద పక్క పక్కన వ్రాసినాము. ఒక బస్సును ఇరువది నిమిషములు ముందుకు జరిపిన ఎందరికి మేలో లెక్కకట్టినాము. డిపో అధికారిని, ఆసుపత్రి సూపరింటెండెంటును ఒక సాయంకాలము మన సమావేశ మందిరమునకు పిలిచి, ఆ కాగితమును వారి ఎదుట పెట్టవలెనని కోరినాము. పిలుపు కళాశాల పేరిట పోయిన కాదనరని మా నమ్మకము. మా నలుగురి పేరిట పోయిన మరల ఏ సీటు అనే ప్రశ్నయే వచ్చును.

హాజరు విషయము కూడ అదే విన్నపములో చేర్చినాము. రోగియైన తల్లికి తోడు పోయిన దినములకు ఆసుపత్రి వారి చీటీ చూపిన మినహాయింపు ఇవ్వవచ్చునా అని అడిగినాము. దీనికి మాత్రము ఏ శాఖ అనుమతియు అక్కరలేదని, సంఘము వారు ఒక్క సమావేశములో ప్రిన్సిపాలు గారికి సిఫారసు చేయగలరని మా అధ్యాపకులు ఒకరు చెప్పినారు. పరీక్ష రుసుము కట్టుటకు గడువు సమీపిస్తున్నది.