రెండు వైపులా ఒకటే రంగు

"ఇటు సూడు బిడ్డా, ఇగ అటు సూడు. రెండు దిక్కులా ఒక్కతీరే ఉంటది. అట్ల లేకుంటే అది మాది కాదు."

భూదాన్ పోచంపల్లిలో ఒక ఇంటి అరుగు మీద కూర్చుని, ఒళ్లో చీర కొంగును తిరగేసి చూపిస్తూ ఒక పెద్దాయన నాతో అన్న మాట ఇది. అంతకు వారం ముందే పట్నంలో ఒక దుకాణంవాళ్లు పోచంపల్లి అని చెప్పి అమ్మిన చీర మా ఇంటికి వచ్చింది. దాన్ని అప్పుడు తిరగేసి చూడాలని నాకు తట్టలేదు. తిరిగొచ్చాక చూశాను. పైన నిండుగా ఉన్న ఎరుపు వెనకవైపు వెలిసిపోయినట్టుంది. డిజైను గీతలు కత్తితో కోసినంత నున్నగా ఉన్నాయి. అది నేసిన పువ్వు కాదు, బట్ట మీద అచ్చేసిన పువ్వు.

హైదరాబాద్ నుంచి విజయవాడ రహదారి మీద వెళ్లి ఎడమకు మళ్లితే, దాదాపు 50 కిలోమీటర్ల దూరంలో వస్తుంది పోచంపల్లి. ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. ఊరి పేరుకు ముందు 'భూదాన్' చేరిన కథ తెలియనివారు తక్కువ. తెలంగాణ పల్లెలు రైతాంగ పోరాటంతో ఉడికిపోతున్న రోజుల్లో, 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఇక్కడికి వచ్చారు. హరిజనవాడలోని నిరుపేదలు సాగుకు భూమి అడిగారు. ఊరి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి లేచి నిలబడి 100 ఎకరాలు ఇస్తానన్నారు. దేశమంతా నడిచిన భూదానోద్యమం ఆ సాయంత్రం ఈ ఊళ్లో మొదలైంది. అదే ఊరిని 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ప్రపంచంలోని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంచింది. ఈసారి పేరు తెచ్చింది మగ్గం.

ఊరి మగ్గాల్లో చాలావరకు ఇళ్లలోనే ఉంటాయి. నేలలో గుంత తీసి, అందులో కాళ్లు పెట్టుకుని తొక్కుతూ నేసే గుంత మగ్గాలు. ఒక గదిలో మగ్గం, పక్కనే వంట, వాకిట్లో ఆరేసిన నూలు. ఇంట్లో ఒకరే నేస్తారనుకుంటే పొరపాటు. కండెలు చుట్టేది ఒకరు, దారానికి ముడులు కట్టేది ఒకరు, రంగు వేసేది ఇంకొకరు. చీర మీద కనిపించేది ఒక్క పనితనమే అయినా దాని వెనక ఇల్లంతా ఉంటుంది.

ఇక్కడి పని గొప్పతనం ఒక్క మాటలో చెప్పాలంటే, బట్ట పుట్టకముందే బొమ్మ పుడుతుంది. చాలా చోట్ల నేసిన బట్ట మీద రంగు వేస్తారు, లేదా రంగు నూలుతో డిజైను నేస్తారు. ఇక్కడ దారాన్నే ముందుగా లెక్క ప్రకారం కట్టలుగా పరిచి, గీసుకున్న పటం చూసుకుంటూ, రంగు అంటకూడని చోట గట్టిగా కట్టేస్తారు. అదే చిటికి. కట్టడానికి వాడేది సైకిల్ ట్యూబును సన్నగా కోసిన రబ్బరు ముక్కలు. ఆ కట్టను రంగులో ముంచితే, కట్టిన మేర తెల్లగా మిగులుతుంది. ఆరాక కొన్ని ముడులు విప్పి, ఇంకొన్ని చోట్ల కట్టి, మరో రంగులో ముంచాలి. ఎన్ని రంగులుంటే అన్నిసార్లు ఇదే పని. మగ్గం మీదికి ఎక్కేసరికి దారం మీద ఎక్కడ ఏనుగు చెవి రావాలో, ఎక్కడ రామచిలుక ముక్కు రావాలో రాసిపెట్టి ఉంటుంది. నేతగాడు పోగు పోగుకూ సర్దుకుంటూ వాటిని ఒకచోటికి తెస్తాడు.

దారం లోపలికంటా రంగు ఇంకి ఉంటుంది కాబట్టే చీర రెండు వైపులా ఒకేలా ఉంటుంది. కట్టిన ముడి అంచున రంగు వెంట్రుకవాసి పాకుతుంది కాబట్టే పువ్వు అంచు ఈకలా చెదిరినట్టుంటుంది. తెలియనివాళ్లు దాన్ని లోపమనుకుంటారు. అదే చేతి పనికి గుర్తు. మలయ్ భాషలో 'కట్టడం' అనే అర్థమున్న మాట నుంచి వచ్చిన 'ఇకత్' పేరుతో ప్రపంచం ఈ విద్యను పిలుస్తుంది. మన ఇళ్లలో దాని పేరు చిటికి.

ఈ విద్య ఇక్కడికి చీరాల వైపు నుంచి వచ్చింది. అక్కడి తేలియా రుమాళ్లు ఒకప్పుడు అరబ్బు దేశాలదాకా వెళ్లేవి. ఆముదపు కాయల బూడిద, నూనె కలిపిన నీళ్లలో నూలును రోజుల తరబడి నానబెట్టి పిసికితే రంగు బాగా పట్టేది, బట్టలో నూనె చలవ మిగిలేది. ఎరుపు, నలుపు, తెలుపు, ఈ మూడే రంగులు. ఆ విద్య చీరాలలో సన్నగిల్లుతున్నా, సంస్థాన్ నారాయణపురం మండలంలోని పుట్టపాక దాన్ని చేజారనివ్వలేదు. పడుగునూ పేకనూ రెండింటినీ చిటికి కట్టి నేసే కష్టమైన పని ఆ ఊరి ప్రత్యేకత. గజం గోవర్ధన్‌కు 2011లో, గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీ దక్కింది ఆ పనితనానికే. 2020లో పుట్టపాక తేలియా రుమాలుకు విడిగా భౌగోళిక గుర్తింపు, అంటే ఊరి పేరును ఆ ఊరి సరుకుకే దక్కేలా కాపాడే నమోదు, కూడా వచ్చింది.

ఈ అందం వెనక ఒక నొప్పి కూడా ఉంది. చిటికి కట్టే ముందు నూలును అర్ధచంద్రాకారపు చట్రం మీది మేకులకు చుట్టాలి. దాన్ని ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకు చేతిని అటూ ఇటూ దాదాపు 9 వేల సార్లు ఆడించాలి. ఆ పని చేసింది చాలావరకు ఆడవాళ్లే. భుజాలు పట్టేసి రాత్రిళ్లు నిద్ర పట్టని తల్లులు ఈ ప్రాంతంలో ఇంటికొకరు ఉండేవారు. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి పడే బాధ చూడలేక, ఏళ్ల తరబడి తంటాలుపడి, 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. దానికి తల్లి పేరే పెట్టారు, లక్ష్మి అని. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. యంత్రమనగానే చేనేతకు శత్రువని అనుకోనక్కర్లేదు. ఈ యంత్రం నొప్పిని తీసేసింది, పనితనాన్ని ముట్టుకోలేదు.

శత్రువు వేరే ఉంది. నేతగాడు రోజుల తరబడి కట్టి, ముంచి, నేసిన బొమ్మను అచ్చు యంత్రం నిమిషాల్లో దించేస్తుంది. ఆ బట్ట మీదికి ఊరి పేరు కూడా ఎక్కేస్తే అసలు చీరకు గిట్టుబాటు ధర ఎక్కడిది? భౌగోళిక గుర్తింపు చట్టం అక్కడే అక్కరకొస్తుంది. 1999లో పార్లమెంటు చేసిన ఆ చట్టం 2003 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. నమోదు కార్యాలయం చెన్నైలో ఉంది. దేశంలో మొట్టమొదట నమోదైంది డార్జిలింగ్ తేయాకు. ఆ తొలి వరసలోనే పోచంపల్లి ఇకత్ కూడా ఉంది. కొండపల్లి బొమ్మలకన్నా, శ్రీకాళహస్తి కలంకారీకన్నా ముందు తెలుగు నేలకు దక్కిన మొదటి గుర్తింపు అది. నమోదు పదేళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత మళ్లీ పొడిగించుకోవాలి. పేరును దొంగిలించి అమ్మితే జరిమానాతోపాటు ఆరు నెలల నుంచి మూడేళ్లదాకా జైలు.

అయితే చట్టం కాపాడేది పేరునే. అదే బొమ్మను అచ్చేసి, ఊరి పేరు ఎత్తకుండా 'ఇకత్ ప్రింట్' అని అమ్మితే పట్టుకోవడం కష్టం. బిల్లు మీద ఒక మాట, నోటితో ఇంకో మాట చెప్పేవాళ్లూ ఉంటారు. అందుకే నేతగాళ్లు ఒక్కొక్కరూ అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి. ప్రభుత్వం తనిఖీలు చేయాలి. కొనేవాళ్లు చేనేత గుర్తు అడగాలి, పట్టుకైతే సిల్క్ మార్క్ అడగాలి. అన్నిటికన్నా ముందు చీరను తిరగేసి చూడాలి. దానికి ఏ ముద్రా అక్కర్లేదు, రెండు కళ్లు చాలు.

ఆ చట్టంలో ఒక సెక్షన్ నా మనసులో నిలిచిపోయింది. భౌగోళిక గుర్తింపును ఎవరూ అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు, ఇంకొకరికి రాసివ్వకూడదు. ట్రేడ్‌మార్కు అలా కాదు, దాన్ని ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీ కొనుక్కోవచ్చు. వంద ఎకరాలు దానమిచ్చిన ఈ ఊళ్లో భూమి చేతులు మారింది. ఈ పేరును మాత్రం దానమివ్వడానికి కూడా వీల్లేదు. ఊరి చెరువు ఎలా అందరిదో ఇదీ అలాగే అందరిది.

ఒకే ఒక్క వెసులుబాటు ఉంది. నమోదైన నేతగాడు చనిపోతే అతని హక్కు వారసులకు వెళుతుంది. ఆ మాట చెబితే పెద్దాయన కాసేపు మగ్గం వైపు చూశాడు. ఇద్దరు కొడుకులూ హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్నారట.

"కాగితం మీద హక్కు పిల్లలకు వస్తది సరే. ఈ గుంతల కాళ్లు పెట్టేటోడు రావాలె గద బిడ్డా. కూలి గిట్టుబాటైతె ఎందుకు రారు?"

చీరను మడతపెట్టి నా చేతిలో పెట్టాడు. ఈసారి అడగకుండానే తిరగేసి చూశాను. చిలక పచ్చగా ఉంది. వెనకవైపూ అంతే పచ్చగా ఉంది. ఆయన చెప్పిన ధర చెప్పినట్టే ఇచ్చి, బేరమాడకుండా తీసుకున్నాను.