సెంటీమీటరుకు వంద కిలోలు

ఫ్లోరిడాను పడవలో అడ్డంగా దాటేయవచ్చు. అట్లాంటిక్ ఒడ్డున స్టువర్ట్ దగ్గర సెయింట్ లూసీ నదిలోకి మళ్ళితే కాలవ వస్తుంది, తరవాత ఒకీచోబీ సరస్సు, మళ్ళీ కాలవ, చివర కలూసహాచీ నది. ఫోర్ట్ మయర్స్ దాటాక మెక్సికో సింధుశాఖ. 1937లో తెరిచిన ఈ జలమార్గం దాదాపు 245 కిలోమీటర్లు, మధ్యలో అయిదు లాకులు. బావ తన సెకండ్‌హ్యాండ్ పవర్ కేటమరాన్‌ను మొదటి దూరప్రయాణానికి ఈ దారినే తిప్పాడు. అక్కా, నేనూ తోడు.

పడవ పొడవు 28 అడుగులు. రెండు సన్నటి హల్స్, వాటిని కలుపుతూ వెడల్పాటి డెక్కు, వెనక రెండు అవుట్‌బోర్డ్ ఇంజన్లు. ఆ వెడల్పు చూస్తే ఎవరికైనా సామాను నింపాలనిపిస్తుంది. కానీ నీళ్ళ మీద పడవను మోసేది ఆ రెండు సన్నటి హల్సే. ఒక్కొక్కటి నీటిమట్టం దగ్గర సుమారు 8 మీటర్ల పొడవు, 80 సెంటీమీటర్ల వెడల్పు. ముందువైపు కోసుగా ఉంటుంది కనుక నాలుగో వంతు తీసేస్తే, రెండూ కలిపి తొమ్మిదిన్నర చదరపు మీటర్లు. అంటే ఇంచుమించు వంద కిలోలు ఎక్కించిన ప్రతిసారీ పడవ సెంటీమీటరు మునుగుతుంది. పెట్రోలు, మంచినీళ్ళు, లంగరు, బ్యాటరీలు, మనుషులు, బియ్యం కలిస్తే వెయ్యి కిలోలు ఎంతలో అవుతాయి? డెక్కు అడుగుకీ నీళ్ళకీ మధ్య ఖాళీ పది సెంటీమీటర్లు తగ్గితే, అల వచ్చిన ప్రతిసారీ అడుగున బాదుతుంది. హల్స్ సన్నగా ఉన్నందుకు ఆదా కావలసిన పెట్రోలూ ఆదా కాదు.

అందుకని ఇండియా వెళ్ళేటప్పుడు సూట్‌కేసు 23 కిలోలు దాటిందో లేదో చూసుకునే చేతికాటా పడవలోకి వచ్చింది. వంటసామాను దగ్గర్నుంచి తాళ్ళ దాకా అన్నీ దానికి వేలాడాయి. అక్క గ్రైండరు పది కిలోల పైనే తూగింది. బావ దాన్నీ అక్కనూ చూసి, ఏమీ అనకుండా పుస్తకంలో రాసుకున్నాడు.

ఎంత బరువన్నది ఒక లెక్కయితే, ఎక్కడ పెట్టాలన్నది ఇంకో లెక్క. ఇంజన్లు రెండూ కలిపి మూడొందల కిలోల పైమాటే, అవి వెనకే వేలాడాలి. పాత యజమాని బ్యాటరీలను కూడా వాటి పక్కనే పెట్టడంతో పడవ వెనక్కి కూర్చుని ముక్కు పైకెత్తేది. 30 కిలోల చొప్పున మూడు లెడ్ బ్యాటరీలు తీసేసి, 12 కిలోలవి రెండు లిథియం బ్యాటరీలు కొని, నడుమ సీటు కింద బిగించాడు బావ. లెడ్ బ్యాటరీలో సగం వాడితేనే దాని ఆయుష్షు తగ్గడం మొదలవుతుంది, లిథియంలో చాలావరకు వాడుకోవచ్చు.

"వెనక బరువుంటే ముందు కూడా పెడితే సరి కదా బావా?" అన్నాను.

"కొసల్లో బరువు పెడితే అల మీద ఊపు ఎక్కువవుతుంది రా. నడుమ పెట్టు."

లంగరు గొలుసు 8 మిల్లీమీటర్లది, మీటరుకు 1.4 కిలోలు. అది 20 మీటర్లే ఉంచి మిగతాది నైలాను తాడు చేశాం. ఇక అడ్డం తూకం కావడి మోసేవాడి లెక్కే: కుడి హల్‌లో ఫ్రిజ్ ఉంటే ఎడమ హల్‌లో స్టవ్వూ బియ్యమూ. నాలుగు మూలలా నీటిమట్టం దగ్గర టేపు గుర్తులు అతికించి, అవి సమంగా వచ్చాకే బయల్దేరాం.

సెయింట్ లూసీ లాకులో నీళ్ళు నిండుతుంటే గోడకు వేలాడే తాళ్ళు పట్టుకుని నాలుగు మీటర్ల దాకా పైకి లేచాం. కాలవలో నిదానంగానే వెళ్ళాలి కనుక ఒక్క ఇంజనే నడిపాడు బావ. ఏ ఇంజను టాంకు దానిదే. ఒక పక్క 40 లీటర్లు ఖర్చయితే 30 కిలోలు తగ్గి పడవ రెండోవైపు ఒరుగుతుంది. అందుకే గంటగంటకీ ఇంజను మార్చాడు.

సరస్సు అంచున పోర్ట్ మయాకా దగ్గర రైలు వంతెన ఉంది. పైకెత్తినా దాని కింద 49 అడుగులే. తెరచాప పడవల స్తంభం అంతకంటే కాస్త పొడవుంటే, డెక్కు ఒక అంచున పీపాల్లో నీళ్ళు నింపి, పడవను కావాలని ఒరగబెట్టి దాటిస్తారట. మేం సమం చేయడానికి ఇంత తంటాలు పడుతుంటే వాళ్ళకు ఆ బరువే దారిచ్చింది.

ఒకీచోబీ విస్తీర్ణం దాదాపు 1,900 చదరపు కిలోమీటర్లు, సగటు లోతు మాత్రం మూడు మీటర్లే. 1928 తుపానులో ఈ సరస్సు పొంగి రెండున్నర వేల మందికి పైగా చనిపోయాక చుట్టూ హెర్బర్ట్ హూవర్ కట్ట కట్టారు. లోతు తక్కువ కాబట్టి కాస్త గాలికే పొట్టి అలలు నిటారుగా, ఒకదాని వెంట ఒకటి లేస్తాయి. మేం వెళ్ళినరోజు ఎదురుగాలి. అడుగున దెబ్బలు తగిలాయి గానీ గిన్నెలు అలమారలోంచి దొర్లలేదు. బావ కాస్త వేగం తగ్గించి, ఇంజన్ల కోణం సవరించి ముక్కు కొంచెం కిందికి దించాడు. సన్నటి ముక్కులు అలను కోసుకుంటూ పోవడంతో చప్పుడు సగమైంది.

మూర్ హేవెన్, ఆర్టోనా, ఫ్రాంక్లిన్ లాకులు దిగుకుంటూ ఫోర్ట్ మయర్స్ చేరాం. అక్కణ్ణుంచి దక్షిణాన ఫ్లోరిడా కీస్ దీవుల దాకా వెళ్ళాలంటే సముద్రంలో నడవాలి, ఇంకో 80 లీటర్ల పెట్రోలైనా కావాలి. అంటే 60 కిలోలు. బావ పుస్తకం తీసి దింపాల్సినవాటికి గుర్తు పెట్టాడు: మడత సైకిళ్ళు, పాత తాళ్ళు, నేను తెచ్చిన పుస్తకాల పెట్టె. గ్రైండరు మాత్రం నడుమ సీటు కిందే ఉంది. దాన్ని దింపే ప్రస్తావన ఎవరూ తేలేదు.